సామాజిక మెదడు ఎదుగుదల: సూరత్ తెలుగు కుటుంబాలకు శాస్త్రం చెబుతున్నదేమిటి?

సూరత్: ఎదుటివారి ముఖాన్ని గుర్తుపట్టడం, వారి చూపును అనుసరించడం, మాట వెనుక ఉన్న ఉద్దేశాన్ని పసిగట్టడం, తనకు తెలిసిన విషయం ఎదుటివారికి తెలియకపోవచ్చునని గ్రహించడం మనుషులు ప్రతి నిమిషం చేసే పనులు. వీటికి ఆధారమైన మెదడు భాగాల సముదాయాన్ని నాడీశాస్త్రం ‘సామాజిక మెదడు’ అని పిలుస్తుంది. ఇది పుట్టుకతోనే పూర్తిగా సిద్ధమై ఉండదు. శైశవం నుంచి ఇరవై ఏళ్లు దాటే వరకు, చుట్టూ ఉన్న మనుషులతో జరిగే మాటామంతీ ఆధారంగా రూపుదిద్దుకుంటుంది. అందరిలోనూ ఒకే తీరున రూపుదిద్దుకోదు. ఆటిజం ఉన్న పిల్లల్లో ఈ ఎదుగుదల మరో దారిలో సాగుతుంది.

ఈ ఎదుగుదలను అంచనా వేసే పరీక్షలు ఏ భాషలో జరుగుతున్నాయన్నది ఇంటి భాష ఒకటి, ఊరి భాష మరొకటి అయిన చోట కీలకమైన ప్రశ్న. అటువంటి నగరాల్లో సూరత్ ఒకటి. మహబూబ్‌నగర్, నల్గొండ, వరంగల్, కరీంనగర్ ప్రాంతాల నుంచి దశాబ్దాలుగా వలస వచ్చిన చేనేత, మరమగ్గ కార్మిక కుటుంబాలు లింబాయత్, దిండోలి తదితర ప్రాంతాల్లో స్థిరపడ్డాయి. వీరిలో పద్మశాలీలు అధికం. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లిష్‌తో పాటు తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతోంది. ఇక్కడి తెలుగు బిడ్డ ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, దుకాణంలో గుజరాతీ వింటూ పెరుగుతుంది. ఆ బిడ్డకు మాట ఆలస్యమైతే కారణం భాషల రద్దీయా, ఆటిజమా అన్న సందేహం కుటుంబానికి సహజంగానే కలుగుతుంది. ఆ సందేహం తీరేలోపు గడిచే నెలలే బిడ్డకు అత్యంత విలువైనవి.

సామాజిక మెదడు అంటే?

‘సామాజిక మెదడు’ అన్న భావనను 1990లో అమెరికా పరిశోధకురాలు లెస్లీ బ్రదర్స్ ప్రతిపాదించారు. భయాన్ని, భావోద్వేగాన్ని పసిగట్టే అమిగ్డాలా, నుదుటి వెనుక ఉండే ఆర్బిటోఫ్రంటల్ కార్టెక్స్, కణతల వైపు ఉండే టెంపొరల్ కార్టెక్స్ కలిసి సామాజిక సమాచారాన్ని అర్థం చేసుకుంటాయని ఆమె సూచించారు. తరువాతి మూడు దశాబ్దాల్లో మెదడు స్కానింగ్ అధ్యయనాలు ఈ పటాన్ని విస్తరించాయి.

ముఖాలను చూసినప్పుడు అధికంగా స్పందించే ఒక భాగాన్ని నాన్సీ కాన్‌విషర్ బృందం 1997లో వివరించింది. దీనికి ఫ్యూజిఫార్మ్ ముఖ ప్రాంతమని పేరు. ఇతరుల ఆలోచనల గురించి ఆలోచించేటప్పుడు చెవి పైభాగాన, వెనుక వైపు ఉండే టెంపొరో పెరైటల్ కూడలి చురుకవుతుందని రెబెకా సాక్స్, కాన్‌విషర్ 2003లో చూపారు. ఈ రెండింటితో పాటు మధ్యస్థ ప్రీఫ్రంటల్ కార్టెక్స్, కదలికలను, చూపు దిశను గ్రహించే సుపీరియర్ టెంపొరల్ సల్కస్ కూడా ఈ వలయంలో భాగాలే. ఇవి ఒక్కొక్కటిగా కాక, పరస్పర అనుసంధానంతో పనిచేస్తాయి.

ఎదుటివారి మనసులో ఏముందో ఊహించగల శక్తిని మనోవిజ్ఞాన శాస్త్రం ‘థియరీ ఆఫ్ మైండ్’ అంటుంది. తెలుగులో దీనిని ‘పరచిత్త అవగాహన’ అనవచ్చు.

వయసుతో పాటు ఎలా ఎదుగుతుంది?

పుట్టిన కొద్ది గంటలకే శిశువు ముఖాకారంలో ఉన్న బొమ్మవైపు ఎక్కువసేపు చూస్తుంది. తొమ్మిది నెలల నుంచి ఏడాది లోపు, పెద్దలు చూస్తున్న వస్తువు వైపు తానూ చూడటం, తరువాత తనకు నచ్చినదాన్ని వేలితో చూపి పెద్దల దృష్టిని అటు మళ్లించడం మొదలవుతాయి. దీనిని ఉమ్మడి దృష్టి అంటారు. ఆకాశంలో విమానాన్ని చూపిస్తూ బిడ్డ తల్లి ముఖంలోకి చూసినప్పుడు ఆ బిడ్డ విమానాన్ని అడగడం లేదు. తాను చూసినదాన్ని తల్లి కూడా చూడాలని కోరుతోంది. భాషకు, స్నేహానికి, చదువుకు ఇదే తొలి మెట్టు.

నాలుగేళ్ల ప్రాయంలో మరో మలుపు వస్తుంది. ఎదుటివారి నమ్మకం తప్పు కావచ్చునని, అయినా వారు ఆ నమ్మకం ప్రకారమే నడుచుకుంటారని పిల్లలు గ్రహించడం మొదలుపెడతారు. ఈ అంశంపై జరిగిన 178 అధ్యయనాలను హెన్రీ వెల్మన్ బృందం 2001లో క్రోడీకరించింది. దేశాన్ని బట్టి వయసులో కొంత తేడా ఉన్నా, మార్పు వచ్చే తీరు ఒకేలా ఉందని తేల్చింది. కెనడా, భారత్, పెరూ, సమోవా, థాయ్‌లాండ్ పిల్లలపై 2005లో వెలువడిన అధ్యయనంలోనూ మూడేళ్లవారిలో అత్యధికులు తప్పిన పరీక్షలో ఐదేళ్లవారిలో అత్యధికులు నెగ్గారు.

మెదడులో ఈ ప్రక్రియకు పునాది అంతకు ముందే పడుతుంది. మూడు నుంచి పన్నెండేళ్ల వయసున్న 122 మంది పిల్లలకు ఒక చిన్న కార్టూన్ చిత్రం చూపిస్తూ స్కానింగ్ చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. పాత్రల శారీరక బాధకు స్పందించే వలయం, పాత్రల ఆలోచనలకు స్పందించే వలయం మూడేళ్లకే వేర్వేరుగా కనిపించాయి. వయసు పెరిగే కొద్దీ వాటి మధ్య తేడా మరింత స్పష్టమైంది.

కౌమారంలో ఈ వలయం మళ్లీ మారుతుంది. ఏడు నుంచి ముప్ఫై ఏళ్ల మధ్య వయసున్న 288 మందిని పదేపదే స్కాన్ చేసి సారా జేన్ బ్లేక్‌మోర్ తదితరులు 2014లో ఫలితాలు ప్రకటించారు. సామాజిక మెదడు భాగాల్లో ఎక్కువ చోట్ల బూడిద పదార్థం బాల్యం నుంచి ఇరవై ఏళ్లు దాటే వరకు తగ్గుతూ వచ్చింది. ఈ తగ్గుదల నష్టం కాదు, సాధారణ ఎదుగుదలలో భాగం. వాడుకలో లేని అనుసంధానాలు తొలగి, వాడుకలో ఉన్నవి బలపడటం దీనికి ఒక కారణమని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

మాటామంతీ లేకపోతే?

సామాజిక మెదడు ఎదుగుదలలో భాషకున్న పాత్రను బధిర పిల్లలపై జరిగిన పరిశోధనలు స్పష్టంగా చూపాయి. వినికిడి ఉన్న తల్లిదండ్రులకు పుట్టి, ఇంట్లో సంజ్ఞా భాష అందుబాటులో లేక పెరిగిన బధిర పిల్లలు ఇతరుల తప్పు నమ్మకాన్ని గ్రహించే పరీక్షల్లో వెనుకబడతారు. బధిర తల్లిదండ్రుల వద్ద చిన్ననాటి నుంచే సంజ్ఞా భాషలో పెరిగినవారిలో ఆ వెనుకబాటు కనిపించదు. వెలితి మెదడులో కాక, అందని సంభాషణలో ఉందన్నమాట.

నికరాగువాలో 1970ల చివరి నుంచి బధిర పిల్లల బడిలో ఒక కొత్త సంజ్ఞా భాష దానంతట అదే పుట్టుకొచ్చింది. ఆ భాష తొలి దశలో నేర్చినవారికి ‘అనుకోవడం’, ‘తెలియడం’ వంటి మానసిక క్రియలకు తగినన్ని సంజ్ఞలు లేవు. పెద్దవారైన తరువాత కూడా తప్పు నమ్మకపు పరీక్షల్లో వారు తమకంటే చిన్నవారి కన్నా వెనుకబడ్డారు. తరువాతి రెండేళ్లలో వారు ఆ సంజ్ఞలను నేర్చుకోగా పరీక్షల్లోనూ మెరుగయ్యారని జెన్నీ పయర్స్, ఆన్ సెంగాస్ 2009లో వెల్లడించారు.

రెండు భాషలు పిల్లల మనసును గందరగోళపరుస్తాయన్న భయానికి పరిశోధనల్లో ఆధారం దొరకలేదు. రొమేనియన్, హంగేరియన్ రెండూ వింటూ పెరిగిన మూడేళ్ల పిల్లలు తప్పు నమ్మకపు పరీక్షలో ఏకభాషా పిల్లలకంటే మెరుగ్గా ఉన్నారని ఆగ్నెస్ కొవాచ్ 2009లో చూపారు. ఎవరితో ఏ భాష మాట్లాడాలో ఎంచుకోవడమే ఎదుటివారి మనసును లెక్కలోకి తీసుకునే అభ్యాసమన్నది దీనికి చెప్పే వివరణల్లో ఒకటి. ఆటిజం ఉన్న పిల్లలపై జరిగిన అధ్యయనాల్లో కూడా రెండు భాషలు వినడం వల్ల భాషాభివృద్ధి అదనంగా కుంటుపడినట్లు తేలలేదు.

ఆటిజం: అవగాహన ఎలా మారింది?

ఆటిజాన్ని ప్రత్యేక స్థితిగా వర్ణించిన తొలి ప్రసిద్ధ పత్రాన్ని 1943లో అమెరికాలో లియో కానర్ ప్రచురించారు. అందులో 11 మంది పిల్లల వివరాలున్నాయి. మరుసటి ఏడాది వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ అదే తరహా పిల్లలను వర్ణించారు. సామాజిక మెదడు కోణంలో నిర్ణాయకమైన ప్రయోగం 1985లో లండన్‌లో జరిగింది. దానిని నిర్వహించినవారు సైమన్ బారన్ కోహెన్, అలన్ లెస్లీ, ఊటా ఫ్రిత్.

ఆ ప్రయోగంలో సాలీ, ఆన్ అనే రెండు బొమ్మలుంటాయి. సాలీ తన గోలీని బుట్టలో దాచి బయటికి వెళ్తుంది. ఆన్ దానిని తీసి పెట్టెలో పెడుతుంది. సాలీ తిరిగి వచ్చాక గోలీ కోసం ఎక్కడ వెతుకుతుందని పిల్లలను అడుగుతారు. సాధారణ ఎదుగుదల ఉన్న 27 మందిలో 23 మంది, డౌన్ సిండ్రోమ్ ఉన్న 14 మందిలో 12 మంది ‘బుట్టలో’ అని సరిగా చెప్పారు. ఆటిజం ఉన్న 20 మందిలో 16 మంది గోలీ నిజంగా ఉన్న పెట్టెను చూపారు. ఆటిజం ఉన్నవారికి ఇతరుల మనసు తెలియదన్న అభిప్రాయం దీనితో విస్తృతంగా వ్యాపించింది.

ఆ పరీక్షలో నలుగురు నెగ్గారన్న వాస్తవం మాత్రం ఈ వ్యాప్తిలో వెనక్కి పోయింది. తరువాతి పరిశోధనలు అటువంటి తేడాలను పట్టించుకున్నాయి. ముఖాలను చూసేటప్పుడు ఆటిజం ఉన్నవారి ఫ్యూజిఫార్మ్ ప్రాంతం తక్కువగా స్పందిస్తుందని మొదట భావించారు. వారి చూపును కళ్ల ప్రాంతంపై నిలిపే ఏర్పాటు చేసి స్కాన్ చేసినప్పుడు ఆ ప్రాంతం చురుకవడం కనిపించింది. ఆ భాగం పనిచేయకపోవడం కాదు, చూపు నిలిచే చోటు వేరుగా ఉండటమే తేడాకు ఒక కారణమని తేలింది.

ఆ చూపు ఎప్పుడు దారి మారుతుందన్న ప్రశ్నకు వారెన్ జోన్స్, ఆమి క్లిన్ 2013లో సమాధానం ఇచ్చారు. తరువాత ఆటిజం నిర్ధారణ అయిన శిశువులు రెండు నెలల వయసులో ఇతర శిశువుల మాదిరిగానే కళ్లలోకి చూశారు. రెండు నుంచి ఆరు నెలల మధ్య ఆ చూపు క్రమంగా తగ్గుతూ వచ్చింది. తొలుత ఉన్న ఆ ఆసక్తి ఆధారంగా తోడ్పాటును త్వరగా మొదలుపెట్టవచ్చన్న ఆశకు ఈ ఫలితం బలమిచ్చింది.

అపార్థం ఇరువైపులా

1990ల చివర్లో ‘న్యూరోడైవర్సిటీ’ అన్న మాట ప్రచారంలోకి వచ్చింది. నాడీ వైవిధ్యం అని దీని అర్థం. ఆటిజం, ఏడీహెచ్‌డీ, డిస్లెక్సియా వంటి వాటిని మానవ మెదళ్లలోని సహజ భేదాలుగా చూడాలని ఈ దృక్పథం కోరుతుంది. అధిక సంఖ్యాకుల తీరులో ఎదిగే మెదడు గలవారిని ‘న్యూరోటిపికల్’ అంటారు. ఇబ్బందులు లేవని గానీ తోడ్పాటు అక్కర్లేదని గానీ ఈ మాటలకు అర్థం కాదు.

ఇద్దరి మధ్య సంభాషణ విఫలమైతే లోపం ఒకరిదేనని ఎలా నిర్ణయిస్తారని బ్రిటన్‌కు చెందిన సామాజికవేత్త డేమియన్ మిల్టన్ 2012లో ప్రశ్నించారు. ఆయనకు కూడా ఆటిజం ఉంది. ఆటిజం ఉన్నవారికి ఇతరులు ఎంత అర్థం కారో, ఇతరులకు ఆటిజం ఉన్నవారు అంతే అర్థం కారని, ఇది ‘ద్విముఖ సహానుభూతి సమస్య’ అని వాదించారు.

ఈ వాదనను పరీక్షించే ప్రయోగాలు తరువాత జరిగాయి. ఆటిజం ఉన్న పెద్దలను కొద్ది క్షణాలు చూసి, విన్న ఇతరులు వారిపై అంత మంచి అభిప్రాయం ఏర్పరచుకోలేదని, వారి మాటలను కేవలం అక్షరాల్లో చదివినప్పుడు ఆ తేడా కనిపించలేదని 2017లో ఒక అధ్యయనం చూపింది. ఎనిమిదేసి మందిని వరుసలో నిలిపి ఒకరి నుంచి ఒకరికి కథ చేరవేయించిన ప్రయోగాన్ని కేథరిన్ క్రాంప్టన్ బృందం 2020లో ప్రచురించింది. అందరూ ఆటిజం ఉన్నవారే అయిన వరుసలో కథ ఎంత పదిలంగా చేరిందో, అందరూ ఆటిజం లేనివారైన వరుసలోనూ అంతే పదిలంగా చేరింది. ఇరువర్గాలు కలిసిన వరుసలో మాత్రం వివరాలు ఎక్కువగా జారిపోయాయి. 311 మందితో 2025లో వెలువడిన విస్తృత ప్రయోగంలో కలగలుపు వరుసలోనూ ఆ నష్టం కనిపించలేదు. ఆటిజం ఉన్నవారు సమాచారం చేరవేయడంలో వెనుకబడి లేరన్న అంశంలో మాత్రం రెండు ప్రయోగాలూ ఏకీభవించాయి.

భారత్‌లో అధ్యయనాలు

ప్రపంచవ్యాప్తంగా 2021లో ప్రతి 127 మందిలో ఒకరికి ఆటిజం ఉన్నట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. భారత్‌లో నాడీ వికాస సమస్యలపై జరిగిన ప్రధాన సర్వే ఫలితాలు 2018లో వెలువడ్డాయి. ఇన్‌క్లెన్ సంస్థ ఆధ్వర్యంలో పల్వల్, కాంగ్రా, ధెంకనాల్, ఉత్తర గోవా, హైదరాబాద్ ప్రాంతాల్లో 3,964 మంది పిల్లలను పరీక్షించారు. ఆటిజం, వినికిడి లోపం, మూర్ఛ, మేధో వైకల్యం మొదలైన వాటిలో కనీసం ఒకటి రెండు నుంచి ఆరేళ్ల లోపువారిలో 9.2 శాతం మందికి, ఆరు నుంచి తొమ్మిదేళ్లవారిలో 13.6 శాతం మందికి ఉన్నట్లు అంచనా వేశారు.

ఆటిజం తీవ్రతను కొలిచేందుకు దేశంలో అధికారికంగా వాడుతున్న కొలమానం సికింద్రాబాద్‌లో రూపొందింది. అక్కడి మనోవికాస్ నగర్‌లోని జాతీయ మేధో వైకల్య సంస్థ తయారుచేసిన ‘ఇండియన్ స్కేల్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ ఆటిజం’లో 40 అంశాలుంటాయి. సామాజిక సంబంధాలు, భావోద్వేగ స్పందన, భాష, ప్రవర్తన, ఇంద్రియ స్పందన, జ్ఞాన సంబంధ అంశాలు అనే ఆరు విభాగాల కింద వీటిని పరిశీలిస్తారు. ప్రతి అంశానికి ఒకటి నుంచి ఐదు వరకు మార్కులుంటాయి. మొత్తం 70కి చేరితే ఆటిజంగా పరిగణిస్తారు. వైకల్య ధ్రువీకరణకు దీనినే ప్రామాణికంగా తీసుకుంటున్నారు.

నిపుణులు తక్కువగా ఉన్న చోట్ల ఏం చేయాలన్నదానిపైనా ప్రయోగాలు జరిగాయి. గోవాలోనూ, పాకిస్థాన్‌లోని రావల్పిండిలోనూ ఆటిజం ఉన్న 65 మంది పిల్లలతో జరిగిన పరీక్ష ఫలితాలు 2016లో వెలువడ్డాయి. నిపుణులు కాని ఆరోగ్య కార్యకర్తలు శిక్షణ పొంది, తల్లిదండ్రులకు బిడ్డ సంకేతాలను గమనించి స్పందించే పద్ధతి నేర్పారు. తల్లిదండ్రుల స్పందన మెరుగైంది, పిల్లలు తమంతట తాము సంభాషణ మొదలుపెట్టడం పెరిగింది. ఢిల్లీలో రెండు నుంచి ఏడేళ్ల వయసున్న 131 మంది పిల్లలకు ట్యాబ్లెట్‌పై ఆటలు, వీడియోలు ఇచ్చి, వారి చూపును, వేళ్ల కదలికను నమోదు చేసే మరో విధానాన్ని పరీక్షించారు. దీనినీ నిపుణులు కాని కార్యకర్తలే నిర్వహించారు.

తెలుగులో అడిగితే తేడా ఏమిటి?

పరచిత్త అవగాహన పరీక్షలను అనువదించేటప్పుడు ప్రశ్నలోని క్రియే ఫలితాన్ని మార్చగలదు. చైనీస్ వంటి కొన్ని భాషల్లో ‘పొరపాటుగా అనుకోవడం’ అన్న అర్థానికి ప్రత్యేక క్రియ ఉంది. ఆ క్రియతో అడిగినప్పుడు పిల్లలు తప్పు నమ్మకాన్ని సులభంగా గ్రహించారు. ‘ఎక్కడ వెతుకుతుంది’ అనేందుకు బదులు ‘మొదట ఎక్కడ వెతుకుతుంది’ అని అడిగినా మూడేళ్ల పిల్లల జవాబులు మెరుగయ్యాయని 1991లోనే ఒక అధ్యయనం చూపింది.

తెలుగులో ‘అనుకొను’ అన్న క్రియ ‘అను’కు ‘కొను’ చేరి ఏర్పడింది. తనలో తాను చెప్పుకోవడమే ఆలోచించడం. ‘ఇవాళ బడి ఉందనుకున్నాను’ అన్న వాక్యం వినగానే బడి లేదన్న సంగతి శ్రోతకు అర్థమవుతుంది. ‘వస్తుందట’ అన్నప్పుడు చివరనున్న ‘అట’ ఆ కబురు వేరొకరి నుంచి విన్నదని తెలియజేస్తుంది. ‘రాము రేపు వస్తానన్నాడు’ అన్నప్పుడు చెబుతున్నది మరొకరైనా, ‘వస్తాను’ అన్న క్రియ రాము పక్షాన నిలుస్తుంది. హిందీలో ఇదే పనిని ‘కి’, గుజరాతీలో ‘కే’ అన్న పదాలు వాక్యం మధ్యలో నిలిచి చేస్తాయి. తెలుగులో ‘అని’ ఆ మాట తరువాత వస్తుంది. ఇంట్లో ఈ వాక్యాల నడుమ పెరిగిన బిడ్డను మరో భాషలో ప్రశ్నిస్తే, జవాబు తప్పినప్పుడు తప్పింది అవగాహనా, భాషా అన్నది తేలదు.

ఆటిజం ఉన్న పిల్లల మాటతీరులోనూ ఈ తేడా ముఖ్యమే. కానర్ 1943లోనే గమనించిన లక్షణాల్లో ‘నేను’, ‘నువ్వు’ తారుమారు కావడం ఒకటి. బిడ్డ తాను విన్న మాటను విన్నట్లే తిరిగి చెప్పడం దీనికి మూలం. తెలుగులో కర్త లేకుండానే క్రియ చివర పురుష తెలిసిపోతుంది కనుక ఇది సర్వనామంలో కాక క్రియలో కనిపిస్తుంది. దాహం వేసిన బిడ్డ ‘నీళ్లు తాగుతావా?’ అని తల్లిని అడుగుతుంది. తల్లి రోజూ తనను అడిగే మాటనే బిడ్డ తన కోరికగా వాడుతోంది. తెలుగు తెలిసిన పరీక్షకులు ఇందులో రెండు విషయాలు వింటారు: ఆటిజం సూచన ఒకటి, సంభాషించాలన్న ప్రయత్నం మరొకటి. తెలుగు తెలియనివారికి ఈ రెండూ వినిపించవు.

కంటిచూపు విషయంలోనూ స్థానిక ఆచారాన్ని గమనించాలి. పెద్దలు మందలిస్తున్నప్పుడు తల వంచుకోవడం మర్యాదగా నేర్పే ఇళ్లున్నాయి. అపరిచితుడైన పరీక్షకుడి కళ్లలోకి బిడ్డ చూడకపోవడం ఒక్కటే లక్షణంగా నిలవదు. ఇంట్లోవారితో ఆడేటప్పుడు బిడ్డ చూపు ఎలా ఉందన్నది కూడా తెలియాలి.

సూరత్‌లో జరగగల రెండు పొరపాట్లు

ఇన్‌క్లెన్ సర్వే జరిగిన ఐదు ప్రాంతాల్లో సూరత్ లేదు. 2011 జనగణన నాటికే 44 లక్షలకు పైగా జనాభా ఉన్న ఈ నగరంలో గణనీయమైన భాగం వలస కుటుంబాలది. తండ్రి మరమగ్గాల షెడ్డులో దీర్ఘమైన షిఫ్టులో, తల్లి ఇంటి వద్ద చీరలకు లేసు కుట్టే, రాళ్లు అతికించే పనిలో ఉండే కుటుంబాలకు పిల్లల నిపుణుని వద్దకు వెళ్లడమంటే ఒక పూట కూలి వదులుకోవడమే. అమ్మమ్మ, నాయనమ్మ సొంతూరిలో ఉండిపోవడంతో బిడ్డ ఎదుగుదలను ఇతర పిల్లలతో పోల్చి చెప్పగల పెద్దదిక్కు కూడా చాలా ఇళ్లలో ఉండదు.

ఈ పరిస్థితిలో రెండు పొరపాట్లు జరిగే అవకాశం ఉంది. మొదటిది, ఆటిజం ఉన్న బిడ్డ విషయంలో ‘మూడు భాషలు వింటోంది, అందుకే మాట రాలేదు’, ‘మేనమామకు కూడా ఆలస్యంగానే వచ్చింది’ అని వేచి చూడటం. రెండవది, ఆటిజం లేని బిడ్డ కొత్త భాషా వాతావరణంలో కొన్ని నెలలు మౌనంగా ఉంటే దానిని ఎదుగుదల లోపంగా పొరబడటం. రెండో భాష నేర్చుకునే తొలినాళ్లలో పిల్లలు మౌనంగా వినడం సాధారణమే.

ఈ రెండింటినీ వేరుచేసేందుకు ఒక సూటి ఆనవాలు ఉంది. భాష కొత్తదైనందువల్ల మౌనంగా ఉన్న బిడ్డ ఇంట్లో తెలుగులో గలగల మాట్లాడుతుంది. మాట రాని చోట వేలితో చూపుతుంది, సైగ చేస్తుంది, ముఖం చూసి నవ్వుతుంది, నటించే ఆటలు ఆడుతుంది. ఆటిజంలో తేడా ఒక భాషకు పరిమితం కాదు. ఇంటి భాషలోనూ, సైగల్లోనూ, ఆటలోనూ కనిపిస్తుంది. అందుచేత బిడ్డ ఇంటి భాషను పరిశీలించకుండా ఇచ్చే నిర్ధారణ అసంపూర్ణం.

మాటలు తగ్గుతాయన్న భయంతో ఇంట్లో తెలుగు మానేసి, తల్లిదండ్రులకు అంతంతమాత్రంగా వచ్చిన హిందీలోనో గుజరాతీలోనో బిడ్డతో మాట్లాడటం మేలు చేయదు. తల్లికి ధారాళంగా వచ్చిన భాషలోనే కథ, జోల, బుజ్జగింపు, మందలింపు సమృద్ధిగా సాగుతాయి. సామాజిక మెదడుకు కావలసిన సంభాషణ అదే.

ఎప్పుడు వైద్యులను సంప్రదించాలి?

పన్నెండు నెలలకు ముద్దు పలుకులు, వేలితో చూపడం, చేయి ఊపడం వంటి సైగలు లేకపోవడం. పదహారు నెలలకు ఒక్క పదమైనా పలకకపోవడం. ఇరవై నాలుగు నెలలకు అనుకరణ కాకుండా సొంతంగా రెండు పదాలు కలిపి మాట్లాడకపోవడం. ఏ వయసులోనైనా వచ్చిన మాటలు లేదా సామాజిక స్పందనలు పోవడం వంటివి కనిపిస్తే ఆలస్యం చేయరాదు. పేరు పెట్టి పిలిచినా పలకకపోతే మొదట వినికిడి పరీక్ష చేయించాలి. ఈ గడువులు ఇంట్లో ఒక భాష ఉన్న పిల్లలకూ, మూడు భాషలు ఉన్న పిల్లలకూ ఒకటే. మాటలను లెక్కించేటప్పుడు మాత్రం అన్ని భాషల మాటలను కలిపి లెక్కించాలి. తెలుగులో ఆరు, హిందీలో నాలుగు పదాలు పలికే బిడ్డకు వచ్చినవి పది పదాలు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల లోపు పిల్లలకు అంగన్‌వాడీలు, ప్రభుత్వ పాఠశాలల ద్వారా ఉచిత ఆరోగ్య పరీక్షలు జరుగుతాయి. ఎదుగుదల ఆలస్యం ఉన్నట్లు తేలినవారిని జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రాలకు పంపుతారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు సమీప పాఠశాలలో గానీ, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచిత విద్య పొందే హక్కును ఈ చట్టం కల్పించింది. 1999లో ఏర్పడిన నేషనల్ ట్రస్ట్ నిర్వహించే నిరామయ పథకం ఆటిజం ఉన్నవారికి లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా అందిస్తోంది. ఈ హక్కులు సొంత రాష్ట్రానికి పరిమితం కావు. తెలంగాణ నుంచి సూరత్‌కు వచ్చిన కుటుంబానికీ వర్తిస్తాయి.

పరీక్షకు వెళ్లే తల్లిదండ్రులు కొన్ని వివరాలు సిద్ధం చేసుకోవడం మంచిది. బిడ్డ ఇంట్లో ఏ భాషలు వింటోంది, ఏ మాటలు ఏ సందర్భంలో పలుకుతోంది, కావలసినది ఎలా అడుగుతోంది అన్నవి రాసి పెట్టుకోవాలి. ఇంట్లో ఆడుకుంటున్నప్పుడు తీసిన చిన్న వీడియోలు వైద్యులకు ఎంతో ఉపయోగపడతాయి. తెలుగు తెలిసిన పరీక్షకులు అందుబాటులో లేకపోతే, తెలుగు మాధ్యమ పాఠశాల ఉపాధ్యాయుడు వంటి వ్యక్తిని దుబాసీగా తోడు తీసుకువెళ్లవచ్చు. ప్రశ్నను అనువదించడంతో పాటు, బిడ్డ పలికిన మాటను పలికినట్లే పరీక్షకునికి చెప్పాలని ఆ వ్యక్తికి ముందుగా తెలియజేయాలి. బిడ్డ ‘నీళ్లు తాగుతావా?’ అన్నప్పుడు దానిని ‘నీళ్లు కావాలట’ అని సరిదిద్ది చెబితే, పరీక్షకునికి తెలియవలసిన అసలు విషయం అక్కడే పోతుంది.